పిస్టల్ విప్పడం, తుడవడం, మళ్లీ బిగించడం: అందరూ అడిగే ప్రశ్నలు

లైసెన్సు కోసం నెలల తరబడి ఓపిగ్గా తిరిగినోళ్లు కూడా గన్ చేతికొచ్చాక దాన్ని తుడవడం నేర్చుకోడానికి ఒక ఆదివారం పెట్టరు, అదేందో మరి. నా దగ్గరున్నది నాన్న నుంచి వచ్చిన .32 బోర్ (బ్యారెల్ లోపలి వెడల్పు) వాల్తర్ పీపీ అనే జర్మన్ పిస్టల్, కాల్చడం ప్రాక్టీస్ చేసే రేంజ్‌లో వాడేది .22. ఆర్మీలో హవల్దార్‌గా చేసి తర్వాత బ్యాంకు గార్డుగా పనిచేసిన మా మేనమామ ఈ పని నాకు నేర్పిండు. వాళ్ల భాషలో దీన్ని ఖోల్నా-జోడ్నా అంటరు, విప్పడం బిగించడం, అంతే. రేంజ్‌లో కొత్తోళ్లు మళ్లీ మళ్లీ అడిగేవన్నీ ఇక్కడ ఒకచోట పెట్టిన. మీ మోడల్‌తో వచ్చిన మాన్యువల్ ఉంటే ముందు అది చదవండి, ఇది దాని తర్వాత.

ఎన్ని రోజులకోసారి క్లీన్ చేయాలి?

కాల్చిన ప్రతిసారీ, వీలైతే అదే రోజు సాయంత్రం. వేడి పూర్తిగా పోకముందే మసి మెత్తగా ఉంటది, రెండు వారాలు వదిలేస్తే అదే మసి గట్టిపడి బ్రష్‌తో కుస్తీ పట్టాల్సొస్తది. అసలు కాల్చకుండా బీరువాలోనే ఉండే గన్ అయితే నెలకోసారి బయటికి తీసి పైపైన తుడిస్తే చాలు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మాత్రం పదిహేను రోజులకోసారి చూడండి, మన దగ్గర సముద్రం లేదు గదా అని ధీమాగా ఉంటరు గానీ నాలుగు రోజులు ముసురు పట్టిందంటే బీరువాలో పట్టుచీరలకే బూజు వస్తది, ఇనుము ఎంత. మేలో ఇంకో కిరికిరి, దుమ్ము. అది నూనెతో కలిసిందంటే సన్న ఉప్పుకాగితం లెక్క రాపిడి పెడతది.

ఖాళీ చేయడం అంటే మ్యాగజైన్ తీసేయడమే కదా?

కాదు. దీనికి మాత్రం నేను ఎంత పెద్ద జవాబైనా రాస్తా.

రౌండ్లు నింపే మ్యాగజైన్ తీసేసినా, బ్యారెల్ వెనక కొసలో ఉండే ఛాంబర్‌లో ఒక రౌండ్, అంటే పేలని తూటా, ఉండిపోవచ్చు, చాలా పిస్టళ్లలో మ్యాగజైన్ లేకపోయినా అది పేలుద్ది. క్లీన్ చేసేటప్పుడు జరిగే ప్రమాదాల వెనక చాలాసార్లు ఉండేది "ఖాళీ ఉందనుకున్నా" అనే మాటే. ఇంకో తప్పు వరస మార్చడం. ముందు స్లయిడ్, అంటే పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం, లాగి తర్వాత మ్యాగజైన్ తీస్తే ఏమైతది? స్లయిడ్ లాగినప్పుడు ఛాంబర్‌లో ఉన్న రౌండ్ బయటికి ఎగురుద్ది, మీరు అది చూసి హమ్మయ్య అనుకుంటరు, ఈలోపు స్లయిడ్ ముందుకు పోతూ పోతూ మ్యాగజైన్ నుంచి ఇంకో రౌండ్‌ని తీసుకెళ్లి ఛాంబర్‌లో పెట్టేస్తది. తర్వాత మీరు మ్యాగజైన్ తీసి పక్కన పెడతరు. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది లోడ్ అయిన గన్, మీ మనసులో ఉన్నది ఖాళీ గన్.

కాబట్టి వరస ఇది. వేలు ట్రిగ్గర్ గార్డ్ బయట. మ్యాగజైన్ తీయాలి. స్లయిడ్ పూర్తిగా వెనక్కి లాగి పట్టుకోవాలి. ఛాంబర్‌లోకి కళ్లతో చూడాలి, తర్వాత చిటికెన వేలు పెట్టి తడిమి చూడాలి. వేలెందుకంటే సాయంత్రం ట్యూబ్‌లైట్ వెలుగులో కన్ను మోసం చేస్తది, వేలు చేయదు. పీపీలకి చాలావాటిలో వెనక సుత్తిలా కొట్టే హ్యామర్ పైన చిన్న పిన్ను ఉంటది, ఛాంబర్‌లో రౌండ్ ఉంటే అది బయటికి పొడుచుకొస్తది, బాగుంటది చూడ్డానికి, కానీ మసి పట్టి ఇరుక్కుపోతే అది కూడా అబద్ధం చెప్తది. మధ్యలో ఫోన్ వచ్చి లేచి వెళ్లారా, వచ్చాక మళ్లీ మొదటి నుంచి చూసుకోండి. మామ అయితే చాయ్ తాగడానికి కప్పు ఎత్తి దించినా మళ్లీ చూసేవాడు, మేం నవ్వేవాళ్లం.

తీసిన రౌండ్లు అదే టేబుల్ మీద ఉంచొద్దు, లెక్కపెట్టి డబ్బాలో వేసి వేరే గదిలో తాళం పెట్టి రండి.

గన్ ఎటువైపు చూస్తుండాలి? ఫ్లాట్‌లో ఉంటున్నాం.

మంచి ప్రశ్న, ఎవరూ అడగరు. కూకట్‌పల్లిలోనో మణికొండలోనో ఫ్లాట్ లోపలి గోడ నాలుగంగుళాల ఇటుక, దాని అవతల పక్కింటోళ్ల హాలు, అక్కడ పిల్లాడు హోంవర్క్ రాసుకుంటుంటడు. గోడ ఉందిలే అనుకోవద్దు. ఒక బకెట్ నిండా ఇసుక పోసి పెట్టుకోండి, మ్యాగజైన్ తీసేటప్పుడు, స్లయిడ్ లాగేటప్పుడు, చివర్లో ట్రిగ్గర్ చెక్ చేసేటప్పుడు గన్ మూతి ఆ ఇసుకలోకి చూపించండి. నవ్వేటోళ్లు నవ్వుతరు.

ఏమేం సామాన్లు కావాలి?

ఇంపోర్టెడ్ కిట్టు ఉంటే మంచిదే, లేకున్నా ఏం గాదు. మీ బోర్‌కి సరిపోయే క్లీనింగ్ రాడ్ లేదా తాడులా లాగే పుల్ త్రూ, రాగి రంగులో ఉండే కాంస్యపు తీగల బ్రష్, ఒక పాత టూత్ బ్రష్, ఇయర్ బడ్స్, మసి కరిగించే సాల్వెంట్, పల్చటి గన్ ఆయిల్. గుడ్డకి పాత కాటన్ బనియన్‌ని మించింది లేదు, రెండంగుళాల ముక్కలు కత్తిరించుకోండి, ఫౌజీలు దాన్నే చిందీ అంటరు, ఎన్‌సీసీ చేసినోళ్లకి ఈ మాట వినగానే పరేడ్ గ్రౌండ్ గుర్తొస్తది. స్టీల్ తీగల బ్రష్ మాత్రం బ్యారెల్‌లోకి పోనియ్యొద్దు, లోపల తూటాని తిప్పే గాళ్లు గీరుకుపోతయ్.

ఇంకోటి, అంచు ఉన్న స్టీల్ పళ్లెం. చిన్న భాగాలన్నీ అందులోనే. కింద ఒక తెల్లటి పాత దుప్పటి పరిస్తే పడ్డది కనిపిస్తది.

వాల్తర్ పీపీ రకం ఎలా విప్పాలి?

ఇది చాలా తేలిక, 1929 నాటి డిజైన్ అయినా ఒక్క పనిముట్టు అక్కర్లేదు. రష్యన్ పిస్టల్ మకరోవ్‌ని కూడా ఇట్లనే విప్పుతరు.

పైన చెప్పినట్టు ఖాళీ చేసి, గన్ పేలకుండా ఆపే సేఫ్టీని కిందికి వేయండి. ట్రిగ్గర్ గార్డ్ ముందు భాగాన్ని పట్టుకుని కిందికి లాగండి, కొంచెం గట్టిగా ఉంటది, లాగాక జెర పక్కకి నెట్టి ఫ్రేమ్‌కి (పిడి ఉన్న కింది భాగానికి) ఆనించి వదలండి, లేకపోతే మళ్లీ పైకి పోయి కూర్చుంటది. ఇప్పుడు స్లయిడ్‌ని చివరిదాకా వెనక్కి లాగి, వెనక భాగాన్ని పైకి ఎత్తండి, అది పట్టాల నుంచి లేస్తది, అప్పుడు మెల్లగా ముందుకు జారనిస్తూ బ్యారెల్ మీంచి తీసేయండి. మెల్లగా అని ఎందుకంటున్నా అంటే స్ప్రింగు ఇంకా బిగిసే ఉంటది. బ్యారెల్ చుట్టూ ఉన్న ఆ స్ప్రింగుని తీసే ముందు ఒక్క నిమిషం ఆగి చూడండి, దానికి ఒక కొస బిగుతుగా ఇంకో కొస వదులుగా ఉంటది, బిగుతు కొస వెనక్కి, అంటే ఫ్రేమ్ వైపుకి. ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి.

అయిపోయింది. ఫ్రేమ్, దానికే అతుక్కున్న బ్యారెల్, స్లయిడ్, స్ప్రింగు, మ్యాగజైన్. రోజువారీ క్లీనింగ్‌కి ఇంతకు మించి విప్పేది లేదు. స్లయిడ్ లేనప్పుడు ట్రిగ్గర్ నొక్కి హ్యామర్‌ని టపటప కొట్టించొద్దు, అది పోయి ఫ్రేమ్‌కి తగిలి దెబ్బతీస్తది.

నాది వేరే మోడల్, గార్డ్ కిందికి రావట్లేదు?

బలవంతంగా లాగొద్దు, మీది ఆ రకం కాదన్నట్టు. కొన్నిట్లో స్లయిడ్‌ని ఒక గుర్తు దాకా వెనక్కి జరిపి పక్కనున్న స్లయిడ్ స్టాప్ పిన్నుని బయటికి తోయాలి, కొన్నిట్లో బ్యారెల్ మూతి దగ్గర బుషింగ్ అనే బిళ్ల తిప్పాలి, అక్కడ కింద స్ప్రింగు బిగిసి ఉంటది కాబట్టి బొటనవేలితో అదిమిపట్టి ఉంచాలి, లేకపోతే సూటిగా కంటికి. కొన్ని పాలిమర్ ఫ్రేమ్ పిస్టళ్లకైతే స్లయిడ్ రావాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాల్సిందే, ఖాళీ చూసుకోవడం గురించి అంత పొడుగు రాసింది అందుకే. మామూలు లైసెన్సు మీద మనకి 9 ఎంఎం పారాబెలమ్ రాదు, అది నిషిద్ధ బోర్, కాబట్టి 9 ఎంఎం గన్ వీడియో చూసి .32ని విప్పే ముందు ఆలోచించండి.

బ్యారెల్ ఎటు నుంచి తుడవాలి?

బ్యారెల్ విడిగా వచ్చే రకమైతే ఛాంబర్ వైపు నుంచి, తూటా పోయే దారిలోనే. పీపీలో బ్యారెల్ ఫ్రేమ్‌కే ఫిక్స్ కాబట్టి వెనక నుంచి రాడ్ నేరుగా పోదు, పుల్ త్రూ అయితే ఛాంబర్‌లోంచి వేసి మూతి నుంచి లాగడం సులువు, రాడ్ అయితే మూతి నుంచే పోనియ్యాలి కానీ రాడ్ మూతి అంచుకి రాసుకోకుండా చూడాలి. ఆ అంచు ఒక్కపక్క అరిగిందంటే గురి పోయినట్టే, తూటా బయటికొచ్చేటప్పుడు ఆఖరుగా తాకేది దాన్నే.

సాల్వెంట్ తడిపిన చిందీ ఒకటి పోనిచ్చి పది నిమిషాలు వదిలేయండి, తర్వాత బ్రష్ ఏడెనిమిది సార్లు, తర్వాత పొడి చిందీలు. మొదటిది నల్లగా, తర్వాత బూడిద రంగు, తర్వాత లేతగా. పూర్తిగా తెల్లగా వచ్చేదాకా తుడవాలని పంతం పట్టొద్దు, జీవితమంతా అక్కడే కూర్చోవాల్సొస్తది. బ్రష్‌ని లోపల మధ్యలో ఆపి వెనక్కి తిప్పొద్దు, అటు పూర్తిగా బయటికొచ్చాకే వెనక్కి.

బ్యారెల్ మీదే అందరి ధ్యాస ఉంటది గానీ గన్ జామ్ అయ్యేది ఎక్కువగా బ్యారెల్ వల్ల కాదు. స్లయిడ్ లోపల రౌండ్ అడుగు ఆనే చోటుంది చూడండి, బ్రీచ్ ఫేస్, అక్కడ, ఖాళీ కేసుని లాగే ఎక్స్‌ట్రాక్టర్ గోరు కింద మసి గట్టిపడి కూర్చుంటది. టూత్ బ్రష్‌తో రుద్ది ఇయర్ బడ్‌తో తీయండి. రౌండ్ పైకెక్కే ఫీడ్ ర్యాంప్ కూడా.

కొబ్బరి నూనె పనికొస్తుందా? కిరోసిన్? డబ్ల్యూడీ-40?

కొబ్బరి నూనె వద్దంటే వద్దు. 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టే నూనె అది, డిసెంబర్ పొద్దున మన బాత్రూంలో సీసా ఎట్లుంటదో తెలుసు గదా, గన్ లోపల కూడా అంతే. నువ్వుల నూనె, పల్లి నూనె అయితే కొన్నాళ్లకి జిగురు లెక్క అయితయ్.

కిరోసిన్ మసి కడగడానికి పనిచేస్తది, కానీ ఆరాక నూనె పొర ఏమీ మిగలదు, వెంటనే ఆయిల్ రాయాలి, వంటింట్లో చేయొద్దు. పెట్రోల్ అసలొద్దు, ఆ ఆవిరికి చిన్న స్పార్క్ చాలు. డబ్ల్యూడీ-40 పేరులోనే ఉంది, నీటిని తరిమేయడానికి 1953లో నలభయ్యో ఫార్ములాగా కుదిరింది అది. వానలో తడిసిన గన్‌కి మంచిదే, కానీ అదే లూబ్రికెంట్ అనుకుని నెలల తరబడి వదిలేయొద్దు. గన్ ఆయిల్ దొరక్కపోతే కుట్టు మిషన్ ఆయిల్ ఫర్వాలేదు, కోఠీలోనో రాణిగంజ్‌లోనో ఎక్కడైనా దొరుకుద్ది, నేను ఏళ్లకేళ్లు అదే వాడిన.

నికెల్ పూత ఉన్న గన్ అయితే రాగి మరకలు తీసే ఘాటైన అమ్మోనియా సాల్వెంట్లకి దూరంగా ఉండండి, పూత లేచిపోతది.

ఆయిల్ ఎంత వేయాలి?

మీరు అనుకున్న దాంట్లో పావు వంతు.

నా సంగతి చెప్తా. మొదట్లో నూనె ఎంత ఉంటే అంత ప్రేమ అనుకునేవాణ్ణి. పీపీని ఆవకాయ ముక్క లెక్క ముంచి బీరువాలో పెట్టిన, మూతి పైకి ఉండేటట్టు. రెండు నెలల తర్వాత రేంజ్‌కి తీసుకుపోతే మొదటిది పేలింది, రెండోది టిక్, మూడోది టిక్. రౌండ్లు పాతవని రౌండ్లను తిట్టుకున్న. ఇంటికొచ్చి చూస్తే నూనె అంతా వెనక్కి కారి, రౌండ్‌ని కొట్టే ఫైరింగ్ పిన్ను తిరిగే సన్న దారిలో చేరి దుమ్ముతో కలిసి పాకంలా అయింది, పిన్ను పోయి కొడుతోంది గానీ దెబ్బలో దమ్ము లేదు. మామ ఏమీ అనలేదు, ఒక చుక్క నూనె నా అరచేతిలో వేసి రెండు చేతులూ రుద్దుకోమన్నడు, ఆ జిడ్డు మొత్తం గన్‌కి సరిపోతుందన్నడు.

స్లయిడ్ పట్టాలకి ఒక్కో చుక్క, స్ప్రింగు రాసుకునే బ్యారెల్ పైభాగానికి ఒక పల్చటి పూత, హ్యామర్ ఇరుసు దగ్గర ఒక చుక్క. ఛాంబర్, బ్రీచ్ ఫేస్, ఫైరింగ్ పిన్ను దారి, మ్యాగజైన్ లోపలి భాగం పొడిగా ఉండాలి. బీరువాలో దాచేముందు బ్యారెల్ లోపల పల్చటి పూత వేయొచ్చు, కానీ కాల్చేముందు ఒక పొడి చిందీ పోనిచ్చి తీసేయాలి.

ఇంకో మాట, టిక్ అన్నప్పుడు వెంటనే తెరిచి చూడొద్దు, కొన్ని రౌండ్లు ఆలస్యంగా పేలతయ్. మూతి టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు లెక్కపెట్టి అప్పుడు తీయండి.

స్ప్రింగు ఎగిరిపోయి కనబడట్లేదు!

కదలకండి, ముందు చెవులకి పని చెప్పండి, ఎటు పడ్డ చప్పుడొచ్చిందో గుర్తు చేసుకోండి. తర్వాత లైట్లన్నీ ఆర్పేసి ఫోన్ టార్చిని నేల మీద అడ్డంగా పెట్టి తిప్పండి, చిన్న వస్తువుకి పొడుగు నీడ పడుద్ది. నాది ఒకసారి దివాన్ కింద, ఊడ్చని ధూళిలో, పిల్ల పోగొట్టిన చెవి కమ్మతో సహా దొరికింది. సాగిపోయిన స్ప్రింగుని చేత్తో వంచి మళ్లీ వాడొద్దు.

తిరిగి బిగించాక సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

పీపీని బిగించడం అంటే విప్పిన వరసకి సరిగ్గా ఉల్టా. స్ప్రింగు బిగుతు కొస ముందుగా బ్యారెల్ మీదికి, స్లయిడ్‌ని మూతి మీంచి తొడిగి, చివరిదాకా వెనక్కి లాగి, వెనక భాగాన్ని కిందికి అదిమితే పట్టాల్లో కూర్చుంటది, ముందుకు వదలండి, గార్డ్‌ని పైకి పోనిస్తే టక్ మంటది. ఆ టక్ వినబడకపోతే గార్డ్ సరిగ్గా కూర్చోలేదు. పళ్లెంలో ఏదైనా మిగిలి ఉంటే, మిగలకూడదు, విప్పండి మళ్లీ.

తర్వాత రౌండ్లు ఇంకా తాళం పెట్టిన ఆ వేరే గదిలోనే ఉండగా, మూతి ఇసుక బకెట్‌లో, ఇవి చూడండి. ఖాళీ మ్యాగజైన్ పెట్టి స్లయిడ్ లాగితే వెనకే ఆగిపోవాలి. మ్యాగజైన్ తీసి స్లయిడ్ కొంచెం లాగి వదిలితే ముందుకు పోవాలి, దీనికి బయట మీట ఏమీ ఉండదు, కొత్తోళ్లు మీట కోసం వెతుకుతరు. హ్యామర్ లేచి ఉన్నప్పుడు ట్రిగ్గర్ నొక్కితే పడాలి. ట్రిగ్గర్ నొక్కే ఉంచి స్లయిడ్ లాగి వదిలితే హ్యామర్ లేచే ఉండాలి, ట్రిగ్గర్ మెల్లగా వదిలితే చిన్న క్లిక్ రావాలి. సేఫ్టీ వేస్తే హ్యామర్ పడిపోవాలి, అప్పుడు ట్రిగ్గర్ నొక్కినా ఏమీ కాకూడదు. ఇందులో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా రౌండ్ పెట్టకండి, గన్లు బాగుచేసే లైసెన్సున్న ఆర్మరర్ దగ్గరికి తీసుకెళ్లండి.

సియర్ (హ్యామర్‌ని ఆపి పట్టే ముక్క), ట్రిగ్గర్ స్ప్రింగులు కూడా విప్పి కడగొచ్చా?

వద్దు. వాచీ విప్పినట్టు ఉంటది, విప్పడం వస్తది, బిగించడం రాదు. అక్కడ వెంట్రుక వాసి తేడా వచ్చినా గన్ చేతిలోంచి జారి కిందపడితే పేలే పరిస్థితి రావచ్చు.

.22 పిస్టల్‌కి తేడా ఏంటి?

మసి ఎక్కువ, సీసం తూటాకి మైనం పూత ఉంటది కాబట్టి జిడ్డు ఎక్కువ. బ్యారెల్‌లో ప్రతిసారీ బ్రష్ అక్కర్లేదు, బ్రీచ్, ఛాంబర్ అంచు మాత్రం ప్రతిసారీ. రిమ్‌ఫైర్, అంటే పిన్ను రౌండ్ అడుగు అంచుకి కొట్టే రకం, కాబట్టి ఖాళీగా ట్రిగ్గర్ నొక్కితే పిన్ను పోయి ఛాంబర్ అంచుకే కొట్టి గుంట పెట్టొచ్చు, ప్రాక్టీసుకి డమ్మీ రౌండ్లు వాడండి.

మా అమ్మాయి ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది, దానికీ ఇవేనా?

మన హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో 25 మీటర్ల పిస్టల్ టీమ్ గోల్డ్, ఇంకో మూడు సిల్వర్లు తెచ్చినప్పటి నుంచి ఈ ప్రశ్న మస్తు మంది అడుగుతున్నరు, గచ్చిబౌలి వైపు రేంజ్‌లకి పిల్లల్ని దింపే అమ్మానాన్నలే ఎక్కువ. మ్యాచ్ ఎయిర్ పిస్టల్‌లో మందు ఉండదు, మసి ఉండదు, 4.5 ఎంఎం సీసపు పెల్లెట్ మాత్రమే, కాబట్టి ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని) గుళికలు నాలుగు పోనిస్తే బ్యారెల్ సాఫ్. ఆయిల్ బ్యారెల్‌లోకి, గాలి సీళ్ల దగ్గరికి అస్సలు పోనియ్యొద్దు, మామూలు నూనెకి సీళ్లు ఉబ్బి గాలి లీకవుతది. సిలిండర్‌లో గాలి ఉండగా దేన్నీ విప్పొద్దు.

చేతులు సబ్బుతో కడిగితే చాలా?

చాలు, కానీ చల్లటి నీళ్లతో, తప్పకుండా, తినేముందే. ఆ నల్లటి మసిలో సీసం ఉంటది. చిందీలు కవర్లో కట్టి పారేయండి, ఆ టూత్ బ్రష్ మీద మార్కర్‌తో పెద్దగా గుర్తు పెట్టండి. మీ ఇంట్లో కూడా బాత్రూం శుభ్రం చేసేటోళ్లు ఉంటరు, వాళ్లకి ఏ బ్రష్ దేనికో తెలియదు.

ఎలక్షన్లప్పుడు పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేసి తెచ్చుకున్నా, గన్ మీద ఎర్ర చుక్కలు?

తెలంగాణలో 2023 నవంబర్ 30న అసెంబ్లీ, 2024 మే 13న లోక్‌సభ, ఆ రెండిటి మధ్య చాలామంది గన్లు రెండుసార్లు పోయొచ్చినయ్. ఎవర్నీ అనేది లేదు, నెలల తరబడి గుడ్డలో చుట్టి ఉన్న ఇనుముకి తుప్పు రాకుంటేనే వింత. ఇచ్చేముందే లోపలా బయటా నూనె పూత వేసి, కవర్‌తో ఇవ్వండి, తోలు హోల్‌స్టర్‌తో మాత్రం వద్దు, తోలు తేమని పీల్చుకుని గన్‌కి అంటిస్తది. ఇంట్లో దాచేటప్పుడు కూడా అంతే, తోలు వేరు, గన్ వేరు, పక్కన సిలికా జెల్ ప్యాకెట్టు.

ఎర్ర చుక్కలకి ఆయిల్ వేసి రాత్రంతా నాననిచ్చి కాంస్యపు బ్రష్‌తో మెల్లగా రుద్దండి. ఉప్పుకాగితం పెట్టారంటే తుప్పుతో పాటు ఇనుము మీది నల్లటి బ్లూయింగ్ పూత కూడా పోతది. నెంబర్ చెక్కిన చోట ఏమీ రుద్దొద్దు, అది చెరిగితే ఇంకో రకం లొల్లి.

రౌండ్లకి కూడా ఆయిల్ రాయాలా?

వద్దు, పొడి గుడ్డ చాలు. నూనె, రౌండ్ అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్‌లోకి దిగితే మళ్లీ అదే టిక్.

మొత్తం ఎంతసేపు పడుతుంది?

అలవాటైతే ఇరవై నిమిషాలు, మొదటిసారి గంటన్నర, అందులో గంట స్ప్రింగు తొడగడానికే. మా నాన్నకి మాత్రం ఆదివారం మధ్యాహ్నం మొత్తం పట్టేది, విప్పిన భాగాలన్నీ దుప్పటి మీద వరసగా పెట్టి, రేడియో పెట్టుకుని, స్లయిడ్‌ని వెలుగులోకి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ కూర్చునేవాడు, అమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచేది, "బిగించొస్తున్నా" అనేవాడు.